తుపాను, ఉక్కపోత, సహారా దుమ్ము: కరీబియన్‌లో ఏ నెలకి ఏ ద్వీపం?

కరీబియన్ వెళ్లాలనుకునేవాళ్లలో చాలామంది ముందు ద్వీపం పేరు ఖాయం చేసుకుంటారు. ఫొటోల్లో నీళ్లు ఎక్కడ ఎక్కువ నీలంగా కనిపిస్తే అక్కడికి. ఆ తర్వాత సెలవు ఎప్పుడు దొరికితే అప్పటికి టికెట్లు. ఈ వరసను తిరగెయ్యమని నా సలహా. ముందు నెల తేల్చుకోండి, తర్వాత ద్వీపం, ఆఖర్న ఆ ద్వీపంలో ఏ పక్క ఉండాలన్నది.

అక్కడ మనిషిని ఇబ్బంది పెట్టేవి మూడు. తుపాను, ఉక్కపోత, ఆఫ్రికా నుంచి గాలిలో తేలి వచ్చే దుమ్ము. ఈ మూడూ కట్టగట్టుకుని ఒకే రోజు రావు. దుమ్ము దట్టంగా ఉన్నప్పుడు తుపానుకి ఊపిరాడదు. గాలి జోరుగా వీస్తుంటే ఉక్క తెలియదు. గాలి పడిపోయి, దుమ్ము పోయి, సముద్రం బాగా కాగిన వేళ తుపానులకు దారి తెరుచుకుంటుంది. కాబట్టి "ఎక్కడ వాతావరణం బాగుంటుంది?" అని అడిగితే జవాబు దొరకదు. మూడింట్లో మీకు బొత్తిగా పడనిది ఏదో చూసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. ఉబ్బసం ఉన్న పిల్లాడిని తీసుకెళ్లే కుటుంబానికి, వారం రోజులు సముద్రంలో ఈతకొట్టి వద్దామనుకునే జంటకి, ఏడాది పాటు చదువుకో ఉద్యోగానికో వెళ్లే వాళ్లకి ఒకే సలహా ఎవరైనా ఇస్తే నమ్మకండి.

ముందు దుమ్ము సంగతి

తుపానుల గురించి అందరూ వినే ఉంటారు. దుమ్ము మాట మాత్రం అక్కడ దిగాకే చాలామందికి తెలుస్తుంది. పొద్దున్నే కిటికీ తెరిస్తే నీలాకాశం ఉండాల్సిన చోట పాలు కలిపినట్టు తెల్లటి మసక. సూర్యుడు వెలవెలబోతూ పళ్లెంలా కనిపిస్తాడు. కారు అద్దం మీద సన్నటి గోధుమరంగు పొడి. మబ్బు పట్టిందేమో, వాన వస్తుందేమో అనుకుంటారు. చుక్క కూడా పడదు.

ఇదంతా సహారా ఎడారి నుంచి వచ్చేది. ఎండాకాలంలో ఆ నేల మీది గాలి ఐదారు కిలోమీటర్ల ఎత్తు దాకా కాగి, ఎండి, దుమ్ముతో నిండిపోతుంది. అది అట్లాంటిక్ మీదకి తోసుకొచ్చాక కింద చల్లటి తేమగాలి పొర ఉంటుంది కనుక దానిమీద తేలుతూ పడమటికి సాగుతుంది. సముద్రం నుంచి సుమారు ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున మొదలై ఆరు కిలోమీటర్ల దాకా ఉండే ఈ పొర వారం రోజుల్లోపే కరీబియన్ చేరుతుంది. జూన్ మధ్యలో జోరందుకుని, జూన్ ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా ఉధృతంగా ఉండి, ఆ తర్వాత గబగబా తగ్గిపోతుంది. ఆ రోజుల్లో మూడు నుంచి ఐదు రోజులకోసారి ఒక కొత్త విడత ఆఫ్రికా తీరం దాటుతూనే ఉంటుంది. అన్నీ ఒకేలా ఉండవు. కొన్ని వచ్చినట్టే తెలియవు. 2020 జూన్‌లో వచ్చిన విడత మాత్రం కొన్ని దశాబ్దాల్లో కనీవినీ ఎరగనిది. దానికి జనం "గాడ్జిల్లా" అని పేరే పెట్టుకున్నారు.

ఇది కొత్తగా పుట్టుకొచ్చిన గొడవేమీ కాదు. మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ ప్రాస్పెరో 1965లోనే బార్బడోస్ తూర్పు తీరాన ఈ దుమ్మును కొలవడం మొదలుపెట్టారు. ఆఫ్రికాకి ఎదురుగా, మధ్యలో అడ్డమే లేకుండా ఉన్న ద్వీపం కాబట్టి కొలతకి అంతకన్నా మంచి చోటు లేదు. అదే కారణంగా ఊపిరితిత్తుల బాధ ఉన్నవాళ్లు ఎంచుకోవడానికి అంతకన్నా ఆలోచించాల్సిన చోటూ లేదు.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. "దుమ్ము జూన్ నుంచి ఆగస్టు వరకే కదా, ఫిబ్రవరిలో వెళ్తే బాధ లేదు" అనుకుంటారు. ఉత్తరాన ఉన్న ప్వెర్టో రీకో, వర్జిన్ దీవులు, బహామాస్ వరకు ఆ లెక్క దాదాపు సరిపోతుంది. దక్షిణాదికి సరిపోదు. చలికాలంలో దుమ్ము దారి దక్షిణానికి జారుతుంది. అమెజాన్ అడవి వైపు, దక్షిణ అమెరికా ఉత్తర తీరాన ఉన్న గయానాల వైపు పోతూ ట్రినిడాడ్‌నీ, కొంతమేర బార్బడోస్‌నీ తాకుతుంది. ట్రినిడాడ్‌లో మార్చి, ఏప్రిల్ నెలలంటే ఎండిన కొండల మీద గడ్డి తగలబడే రోజులు కూడా. దుమ్ముకి పొగ తోడవుతుంది. (ఈ చలికాలపు దుమ్ములో అమెజాన్‌కి ఏటా ఇరవై రెండు వేల టన్నుల దాకా భాస్వరం అందుతుందని నాసా శాస్త్రవేత్తలు 2015లో లెక్కగట్టారు. మన గొంతులో గరగరగా ఉండేది అక్కడ చెట్లకి ఎరువు.)

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఈ దుమ్ము వల్ల కళ్లు మండడం, గొంతు ఎండడం, తుమ్ములు. అంతకు మించి పెద్దగా ఉండదు. ఉబ్బసం, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి, పసిపిల్లలకి సంగతి వేరు. గాలిలో పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువులు ఘనపు మీటరుకి రోజు సగటున 45 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతాయి. గట్టి విడత వచ్చిన రోజున ద్వీపాల్లో ఆ కొలత దానికి కొన్ని రెట్లకి పోతుంది. ఫోన్‌లో గాలి నాణ్యత చూసేటప్పుడు ఒక చిట్కా: కొన్ని యాప్‌లు రెండున్నర మైక్రాన్ల లోపు సన్న రేణువులను (పీఎం2.5) మాత్రమే చూపిస్తాయి. ఎడారి దుమ్ములో ముతక రేణువుల వాటా ఎక్కువ. పది మైక్రాన్ల అంకె (పీఎం10) కూడా చూపించేదే వాడండి.

అసలు తేడా ఇంకోటుంది. వాన విషయంలో, వేడి విషయంలో ద్వీపంలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారితే ఫలితం కనిపిస్తుంది. దుమ్ము విషయంలో కనిపించదు. అది పైనుంచి ద్వీపమంతటి మీదా ఒకేలా పరుచుకుంటుంది. కాబట్టి దుమ్ము పడనివాళ్లు హోటల్ మార్చి లాభం లేదు, నెలే మార్చాలి. జూన్ నుంచి ఆగస్టు మధ్య వరకు తూర్పు కరీబియన్ జోలికే పోవద్దంటాను. తప్పనిసరైతే ఎన్95 మాస్కు, రాసిచ్చిన ఇన్హేలర్, తలుపులు బిగించుకుని ఏసీ పెట్టుకునే గది ఉండాలి. సముద్రపు గాలి హాయిగా వస్తుందని కిటికీలన్నీ తెరిచి ఉంచే అందమైన చెక్క బంగళాలు ఆ రోజుల్లో వద్దు.

దుమ్ముతో పాటు చెప్పాల్సిన ఇంకో గాలి బాధ సముద్రపు నాచు. 2011 నుంచి అట్లాంటిక్‌లో సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు విపరీతంగా పెరిగి వసంతం, వేసవి నెలల్లో ద్వీపాల తూర్పు తీరాలకు కొట్టుకొస్తోంది. ఒడ్డున కుళ్లితే కుళ్లిన కోడిగుడ్డు వాసన. దీనికి మాత్రం పక్క మారితే చాలు. పడమటి తీరానికి వెళ్లండి.

తుపాను లెక్క

అట్లాంటిక్ తుపాను కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు అని రాసి ఉంటుంది. ఆ ఆరు నెలలూ ఒకటేనని భయపడటం, ఏ నెలా పట్టించుకోకపోవడం, రెండూ తప్పే. అసలు ముప్పు ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా. లెక్కల ప్రకారం శిఖరం సెప్టెంబర్ 10. అప్పటికి దుమ్ము తగ్గుతుంది, సముద్రపు నీళ్లు 29 డిగ్రీల దగ్గరికి చేరతాయి, పైగాలుల కోత (వేర్వేరు ఎత్తుల్లో గాలి వేగం, దిక్కు మారిపోయి తుపానుని చీల్చడం) బలహీనపడుతుంది. తుపాను పుట్టడానికి నీళ్లు సుమారు 26.5 డిగ్రీలుంటే చాలు.

ద్వీపాలను పోల్చడానికి అక్షాంశం మొదటి కొలత. భూమధ్యరేఖకి దగ్గరైన కొద్దీ తుపాను సుడి తిరగడానికి భూభ్రమణం ఇచ్చే మెలిక తక్కువ, పైగా పడమటికి వస్తున్న తుపానులు సాధారణంగా ఉత్తరానికి వంగుతాయి. అందుకే దక్షిణపు అంచున, వెనిజువెలా ఒడ్డు దగ్గర ఉన్న అరూబా, బొనైర్, క్యురసావ్ మూడింటికీ నేరుగా దెబ్బ తగలడం చాలా అరుదు. పక్క నుంచి పోయిన తుపానుల వల్ల అలలు, వానలు వస్తాయి, అంతే. ట్రినిడాడ్ ఇంకా కిందికి, 10–11 డిగ్రీల మధ్య ఉంది. దానికి కూడా ముప్పు తక్కువే. దానితో కలిసి ఒకే దేశంగా ఉన్న టొబాగోని మాత్రం 1963లో ఫ్లోరా తుపాను చిన్నాభిన్నం చేసింది.

అయితే అక్షాంశం ఒక్కటే చూసి మోసపోకండి. గ్రెనడా కూడా అరూబాలాగే 12 డిగ్రీల దగ్గరే ఉంది. "మేం తుపాను దారికి కింద ఉన్నాం" అన్న ధీమా అక్కడ చాలా కాలం నడిచింది. 2004 సెప్టెంబర్ 7న ఐవన్ వచ్చి నూటికి తొంభై ఇళ్లను దెబ్బతీసింది. 2024 జూలై 1న బెరిల్ ఆ దేశానికే చెందిన కారియాకూ అనే చిన్న ద్వీపం మీద నాలుగో శ్రేణి బలంతో (గాలి వేగాన్ని బట్టి ఒకటి నుంచి ఐదు దాకా శ్రేణులు, ఐదు అన్నిటికన్నా తీవ్రం) విరుచుకుపడింది. ఒక రోజు తిరక్కముందే ఐదో శ్రేణికి చేరి, అట్లాంటిక్‌లో ఏడాదిలో అంత ముందుగా ఆ బలానికి చేరిన తుపానుగా రికార్డుకెక్కింది. మరి అరూబాకి లేనిది గ్రెనడాకి ఎందుకు? గ్రెనడా తూర్పు అంచున, అట్లాంటిక్‌కి ఎదురుగా నిలబడి ఉంది. అరూబా అక్కడి నుంచి దాదాపు 900 కిలోమీటర్లు పడమటికి, ఖండం పంచన ఉంది. అక్కడికి చేరేలోపు తుపాను ఉత్తరానికి తిరగడానికో, పొడిగాలికి నీరసించడానికో సమయం దొరుకుతుంది. కాబట్టి అక్షాంశంతో పాటు రేఖాంశమూ చూడాలి.

బార్బడోస్ ఈ రెండింటికీ మధ్యలో వస్తుంది. మిగతా ద్వీపాల వరసకి దూరంగా తూర్పున ఒంటరిగా ఉండటం వల్ల చాలా తుపానులు దానికి ఉత్తరం నుంచో దక్షిణం నుంచో తప్పుకుపోతాయి. 1955లో జానెట్ తర్వాత 2021లో ఎల్సా వచ్చేదాకా దాన్ని హరికేన్ (గంటకి 119 కిలోమీటర్లు, అంతకు మించిన గాలులున్న తీవ్ర తుపాను) ఏదీ తాకలేదు. దాదాపు అరవై ఆరేళ్లు!

ఉత్తరానికి, అంటే 15 నుంచి 18 డిగ్రీల వరకు పోతే కథ మారిపోతుంది. డొమినికా, గ్వాదలూప్, ఆంటిగ్వా, బార్బుడా, సెయింట్ మార్టిన్, వర్జిన్ దీవులు, ప్వెర్టో రీకో. 2017 సెప్టెంబర్ ఒక్క నెల చాలు చెప్పుకోవడానికి. 6వ తేదీన ఇర్మా ఐదో శ్రేణితో బార్బుడా, సెయింట్ మార్టిన్‌ల మీదుగా పోయింది. తర్వాత బార్బుడాని పూర్తిగా ఖాళీ చేయించారు. 18న మరియా డొమినికాలో తీరం దాటింది. దానికి ఒక్క రోజు ముందు అది మొదటి శ్రేణి తుపాను. ఇరవై నాలుగు గంటల్లో ఐదుకి చేరింది. 20న ప్వెర్టో రీకోని అడ్డంగా చీల్చుకుంటూ పోయింది. (డొమినికా వేరు, డొమినికన్ రిపబ్లిక్ వేరు. టికెట్లు కొనేటప్పుడు రెంటినీ కలగలిపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.)

పడమటి వైపు జమైకా, కేమన్, క్యూబాలకి ఇంకో చిక్కు. సెప్టెంబర్ దాటాక తూర్పు ద్వీపాలు మెల్లగా ఊపిరి పీల్చుకుంటుంటే, అక్టోబర్, నవంబర్ నెలల్లో తుపానులు పడమటి కరీబియన్‌లోనే ముసురుతాయి. 2025 అక్టోబర్ 28న మెలిసా జమైకా నైరుతి తీరాన్ని గంటకి సుమారు 295 కిలోమీటర్ల గాలులతో దాటింది. ఐదో శ్రేణిలో ఆ దేశంలో తీరం దాటిన తుపాను అంతకు ముందు రికార్డుల్లో లేదు. "సెప్టెంబర్ అయిపోయిందిగా, ఇక ఫర్వాలేదు" అన్నమాట జమైకాకి చెల్లదు. అదే అక్టోబర్ ఆఖరులో బార్బడోస్‌కి చాలావరకు చెల్లుతుంది. చాలావరకు అని ఎందుకన్నానంటే, 1999 నవంబర్‌లో లెనీ అనే తుపాను పడమటి నుంచి తూర్పుకి ఎదురు నడిచింది. ఎప్పుడూ ప్రశాంతంగా ఉండే పడమటి తీరాలే ఆ సారి దెబ్బతిన్నాయి.

ఇక కొండల ద్వీపమా, చదును ద్వీపమా అన్న ప్రశ్న. బహామాస్, బార్బుడా, కేమన్ లాంటివి సముద్రమట్టానికి పెద్దగా ఎత్తే లేని పలకలు. అక్కడ చంపేది ఉప్పెన. 2019 సెప్టెంబర్‌లో డోరియన్ బహామాస్‌లోని గ్రాండ్ బహామా మీద రోజుకి పైగా కదలకుండా కూర్చుంది. పారిపోవడానికి మెట్ట లేదు. డొమినికా, జమైకా, ప్వెర్టో రీకో లాంటి కొండల ద్వీపాల్లో ఎత్తుకి కొదవ లేదు గానీ కొండచరియలు విరిగిపడతాయి, వాగులు ఒక్క గంటలో పొంగుతాయి, ఊళ్లకి దారులు తెగిపోతాయి. ఈ రెంట్లో ఒకటి ఎంచుకోమంటే నేను కొండల ద్వీపంలో, ఏటి ఒడ్డు కాని చోట, పక్కా శ్లాబు ఇల్లు ఎంచుకుంటాను.

ఉక్కపోత

అంకెలు చూస్తే నవ్వొస్తుంది. ప్వెర్టో రీకో రాజధాని సాన్ హువాన్‌లో మండువేసవిలోనూ పగటి వేడి సాధారణంగా 31, 32 డిగ్రీలే. జనవరికీ ఆగస్టుకీ తేడా మూడు నాలుగు డిగ్రీలు. నలభైలు చూసినవాళ్లకి ఇదొక వేడా అనిపిస్తుంది. అనిపించడమే. చుట్టూ ఉన్న సముద్రం తేమను వదలదు. 32 డిగ్రీల వేడికి గాలిలో తేమ 40 శాతం ఉంటే ఒంటికి 33లా తెలుస్తుంది. తేమ 70 శాతమైతే 41లా తెలుస్తుంది. చెమట ఆరదు. పైగా రాత్రి చల్లబడదు. ఎండాకాలపు రాత్రుల్లో 25, 26 కన్నా దిగకపోతే ఒళ్లు కోలుకునే వేళే ఉండదు.

ఈ ఉక్కని భరించదగ్గదిగా చేసేది వ్యాపార పవనాలు ఒక్కటే. ఈశాన్యం, తూర్పుల నుంచి ఏడాది పొడవునా వీస్తాయి. వీటిని బట్టే ద్వీపంలో ఏ పక్క ఉండాలో తేలుతుంది. గాలికి ఎదురుగా ఉన్న తూర్పు, ఈశాన్య వైపు గాలి ఆడుతుంది, వాన పడుతుంది, సముద్రం గరుగ్గా ఉంటుంది. కొండ చాటున ఉన్న పడమర, నైరుతి వైపు నీళ్లు నిశ్చలం, ఎండ జాస్తి, ఉక్క ఇంకా జాస్తి. ప్వెర్టో రీకోలో ఈశాన్యాన ఎల్ యుంకే అడవి శిఖరాల మీద ఏడాదికి నాలుగు వేల మిల్లీమీటర్లు దాటి వాన కురుస్తుంది. కారులో రెండు మూడు గంటలు ప్రయాణిస్తే నైరుతిన గ్వానికా దగ్గర వెయ్యి మిల్లీమీటర్లు కూడా పడని ముళ్లపొదల అడవి. ఒకే ద్వీపం, రెండు వాతావరణాలు. వారం రోజులకి వెళ్లేవాళ్లు సరిగ్గా ఏ వైపు హోటల్ తీసుకున్నారన్నదే వాళ్ల జ్ఞాపకాలను నిర్ణయిస్తుంది.

వేడి పడనివాళ్లకి ఇంకో దారి ఎత్తుకి పోవడం. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. జమైకా బ్లూ మౌంటెన్స్ శిఖరం 2,256 మీటర్లు. చలికాలంలో అక్కడ స్వెట్టర్ కావాలి. సముద్రం కోసం వచ్చి కొండెక్కి కూర్చోవడమేమిటంటారా? మధ్యాహ్నాలు కొండ మీద, సాయంత్రాలు ఒడ్డున గడిపి చూడండి.

అరూబా, బొనైర్, క్యురసావ్‌ల గాలి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ గాలి ఎంత నిలకడగా వీస్తుందంటే డివిడివి చెట్లు ఒకే వైపుకి వంగిపోయి పెరుగుతాయి. అరూబాలో ఏడాదికి వాన 500 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ గాలిలో ఎండ తెలియదు. తెలిసేది సాయంత్రం, భుజాల మీద తోలు కమిలి మంటపెట్టినప్పుడు. నీళ్లు తాగాలని కూడా గుర్తుకు రాదు. ఇంతటి గాలీ సెప్టెంబర్ నుంచి నవంబర్ మధ్యలో మందగిస్తుంది. సరిగ్గా తుపాను భయంతో జనం అక్కడికి తరలే నెలల్లో అన్నమాట. తుపానుని తప్పించుకున్నందుకు ఉక్కతో మూల్యం చెల్లిస్తారు.

నెలల వారీగా నా మొగ్గు

డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ దాకా అందరికీ మంచి కాలమే. తుపాను లేదు, తేమ తక్కువ, వానలు తక్కువ. రద్దీ, ధరలు కూడా అందుకే ఎక్కువ. లోపాలు లేకపోలేదు. జనవరి చుట్టుపక్కల గాలులు విజృంభిస్తాయి. చిన్న పడవల్లో ద్వీపాల మధ్య తిరగాలనుకుంటే కడుపులో దేవుతుంది. ఉత్తర తీరాలకు పెద్ద అలలు వస్తాయి. బహామాస్‌కి ఉత్తర అమెరికా ఖండం నుంచి చలిగాలులు దిగుతాయి. దాని రాజధాని నస్సావులో జనవరి పగళ్లు 25 డిగ్రీలు, నీళ్లు 23, 24. నడకకి హాయి, ఈతకి చలి. ఈ నెలల్లో నా ఓటు సెయింట్ మార్టిన్ నుంచి బార్బడోస్ దాకా ఉన్న తూర్పు వరసకి. దుమ్ము పడనివాళ్లు ఆ వరసలో ఉత్తరపు సగం చూసుకోవాలి.

ఏప్రిల్ ఆఖరు, మే మొదటి సగం చాలామంది వదిలేసే కాలం. నాకు అదే ఇష్టం. జనం పలచబడతారు, నీళ్లు వెచ్చబడతాయి, తుపాను దాదాపు ఉండదు, దుమ్ము ఇంకా పుంజుకోదు. జమైకాకి, ప్వెర్టో రీకోకి మాత్రం మేలో ఒక వాన విడత ఉంటుంది, చూసుకోండి.

జూన్ నుంచి ఆగస్టు మధ్య వరకు పిల్లల సెలవులు. తప్పక అప్పుడే వెళ్లేవాళ్లు ఎక్కువ. ఊపిరితిత్తులు బాగున్నవాళ్లకి, దుమ్ముకి జంకనివాళ్లకి ఇది చెడ్డ కాలమేమీ కాదు. ఆ దుమ్ము పొరే తుపానులను చాలావరకు అణచిపెడుతుంది. దానిలోని పొడిగాలి మేఘాలను ఎదగనివ్వదు, దాని వెంట వచ్చే గాలి తుపాను నిర్మాణాన్ని కోసేస్తుంది. కానీ బెరిల్ వచ్చింది జూలై మొదట్లోనే. సముద్రం మామూలుకన్నా ముందే కాగిన ఏడాది పాత లెక్కలు పనిచేయవు. కాబట్టి ఆ ఏడాది నీళ్ల వేడి ఎలా ఉంది, పసిఫిక్‌లో ఎల్ నినోనా (నీళ్లు మామూలుకన్నా వేడెక్కడం), లా నినానా (మామూలుకన్నా చల్లబడటం) అన్నది చూడండి. ఎల్ నినో ఉంటే అట్లాంటిక్ తుపానులు సాధారణంగా తగ్గుతాయి, లా నినా అయితే పెరుగుతాయి.

ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు ధరలు నేలకి దిగుతాయి. ఊరికే కాదు. అప్పుడు వెళ్లి తీరాలంటే అరూబా, బొనైర్, క్యురసావ్, లేదంటే ట్రినిడాడ్. ఉక్కని లెక్కలో వేసుకుని వెళ్లండి. మిగతా ద్వీపాలకి చవక టికెట్ కొనడమంటే జూదం. ఆడేవాళ్లు ఆడొచ్చు, ముసలి తల్లిదండ్రులను వెంటబెట్టుకుని మాత్రం కాదు.

నవంబర్ రెండో సగానికి తూర్పు ద్వీపాలు మళ్లీ తేరుకుంటాయి. అరూబా పరిసరాల్లో ఉన్న కాస్త వానా అక్టోబర్, డిసెంబర్ నెలల మధ్యే పడుతుంది కనుక అప్పుడు దాన్ని వదిలేసి తూర్పుకి పోవడమే నయం.

టికెట్ కొన్నాక

మయామీలోని జాతీయ హరికేన్ కేంద్రం వచ్చే ఏడు రోజుల్లో ఎక్కడ ఏది పుట్టే అవకాశముందో పటంలో చూపిస్తుంది. పేరు పెట్టిన తుపానుకి ఆరు గంటలకోసారి కొత్త అంచనా ఇస్తుంది. అందులో గరాటులా కనిపించే తెల్లటి ఆకారాన్ని చాలామంది తప్పుగా చదువుతారు. అది తుపాను పరిమాణం కాదు. తుపాను కేంద్రం పోవచ్చనుకునే దారి మాత్రమే. మూడింట రెండు వంతుల సార్లే కేంద్రం దాని లోపల ఉంటుంది. మీ ద్వీపం గీతకి బయట ఉందని నిశ్చింతగా ఉండకండి. ముందస్తు సూచన దాదాపు 48 గంటల ముందు, గట్టి హెచ్చరిక దాదాపు 36 గంటల ముందు వస్తుంది. హెచ్చరిక వచ్చాక విమానం సీటు దొరకదు. వెళ్లిపోవాలనుకుంటే సూచన దశలోనే కదలాలి. మరియా ఒక్క రోజులో ఎంత బలపడిందో పైన చెప్పాను కదా.

ప్రయాణ బీమా తుపానుకి పేరు పెట్టకముందే కొనాలి. పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుపానుకి సాధారణంగా వర్తించదు. అద్దె గది రద్దు నిబంధనలు అంతకన్నా ముందు చదవాలి.

ఏడాది పాటు ఉండబోయేవాళ్లకి ఈ నెలల లెక్క పనికిరాదు, అన్ని నెలలూ అక్కడే గడపాలి కనుక. వాళ్లు ఎంచుకోవాల్సింది ఇల్లు. తుపాను పోయాకే అసలు కష్టం మొదలవుతుందన్నది ప్వెర్టో రీకో నేర్పింది. మరియా వల్ల అక్కడ పోయిన ప్రాణాలు 2,975 అని ప్రభుత్వం ఆమోదించిన అంచనా. ఇందులో గాలికి, వరదకి నేరుగా బలైనవాళ్లు కొద్దిమంది. మిగతావాళ్లు తర్వాతి నెలల్లో కరెంటు లేక, మందులు లేక, వైద్యం అందక పోయినవాళ్లు. ద్వీపమంతటా కరెంటు తిరిగి రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ ఉక్కలో, ఫ్యాన్ కూడా తిరగని గదిలో. అందుకే ఇల్లు చూసేటప్పుడు సముద్రం ఎంత బాగా కనిపిస్తుందని కాదు, కరెంటు పోతే నీళ్లు పైకి ఎలా ఎక్కుతాయని అడగండి. వాననీటి తొట్టి ఉందా, జనరేటరో సోలార్ బ్యాటరీనో ఉందా, పైకప్పు రేకులా శ్లాబా, కిటికీలకి తుపాను తలుపులున్నాయా, ఇల్లు ఏటి గట్టునా కొండ వాలునా? ఏసీ లేకపోయినా గాలి అటు నుంచి ఇటు ఆడేలా ఎదురెదురు కిటికీలున్నాయా? దుమ్ము రోజుల్లో అవే కిటికీలు గట్టిగా మూసుకుంటాయా? ఇంటి యజమాని ఈ ప్రశ్నలకి విసుక్కోకుండా, కిందటి తుపానుకి ఏం జరిగిందో తేదీతో సహా చెబితే ఆ ఇల్లు తీసుకోండి.